ప్రోగ్రాముకు పరీక్షలు, లైబ్రరీలకు పద్దు

ప్రాక్టికల్ రికార్డులో రాసుకున్న ప్రోగ్రాము ఒక్కసారి నడిచి, మేష్టారు సంతకం పెట్టారంటే విద్యార్థి బాధ్యత తీరిపోతుంది. కాని ఆ ప్రోగ్రామునే నలుగురు నమ్మి వాడుకోవడం మొదలుపెడితే అసలు బాధ్యత అప్పుడే మొదలవుతుంది. ఇవాళ నడిచింది రేపు నడుస్తుందా? నడిచినా సరైన జవాబు చెబుతుందా? వేరే కంప్యూటరులో పెడితే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే విద్య మన సిలబస్‌లో అంతగా కనిపించదు. నేను దాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పునే పాఠంగా తోటి విద్యార్థుల ముందు పెడుతున్నాను.

తూకం చీటీల ప్రోగ్రాము

మా జంగారెడ్డిగూడెం ప్రాంతం మెట్ట. 2022 ఏప్రిల్ దాకా పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది, తరువాత ఏలూరు జిల్లాలోకి వచ్చింది. గోదావరి అనగానే అందరికీ వరిచేలు గుర్తొస్తాయి గాని, మా వైపు బోర్ల కింద పామాయిలు, పొగాకు, మొక్కజొన్న, కోకో ఎక్కువ. పామాయిలు గెలలు పది పదిహేను రోజులకొకసారి కోతకొస్తాయి. కోసిన గెలల్ని ట్రాక్టరులో వేసుకెళ్ళి కాటా వేయిస్తే చీటీ ఇస్తారు. టన్ను ధర నెలనెలా మారుతుంది. కాబట్టి ఒక కోతకు ఎంత రావాలో తెలియాలంటే తూకం, తారీకు, ఆ నెల ధర, ఈ మూడూ కావాలి.

2023 వేసవిలో ఇంటర్ పరీక్షలు అయిపోయాక, మా పెదనాన్నగారి అబ్బాయి పాత లాప్‌టాప్ మీద ఈ లెక్కకు పైతాన్‌లో చిన్న ప్రోగ్రాము రాశాను. చీటీల వివరాలు ఒక పట్టికలో ఎక్కిస్తే ఎవరికెంత రావాలో చూపించేది. పట్టిక చదవడానికి పాండాస్ అనే లైబ్రరీ వాడాను. లైబ్రరీ అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. మనం మళ్ళీ రాయకుండా పిలిచి వాడుకుంటాం. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది పాండాస్ 1.5.3. ఆ అంకెకు విలువ ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు.

మొదట నాన్న ఒక్కరే చూసుకునేవారు. తరువాత చుట్టుపక్కల చేలవాళ్ళు నలుగురు "మాది కూడా వెయ్యరా అబ్బాయ్" అని చీటీలు తెచ్చిచ్చారు. నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది.

యంత్రం మొర పెట్టుకుంది, నేను నోరు నొక్కాను

2024 జులైలో ప్రోగ్రామును వేరే లాప్‌టాప్‌లోకి మార్చాను. అందులో పైతాన్ 3.11 ఉంది. లైబ్రరీలు తెచ్చిపెట్టే 'పిప్' అనే సాధనంతో పాండాస్ తెప్పిస్తే 2.2 వచ్చింది. ఏడాదిగా నడిచిన ప్రోగ్రాము మొదటి నిమిషంలోనే ఆగిపోయింది. 18/01/2024 అన్న తారీకు తనకు అర్థమైన పద్ధతిలో లేదని తప్పు చూపించింది.

"నిన్నటిదాకా నడిచిందిగా, కొత్త పాండాస్‌లోనే ఏదో లోపముంది" అనుకున్నాను. పాతదే కావాలని పిప్‌కు చెప్పి 1.5.3 ను వేయించాను. ఈసారి ప్రోగ్రాము మొదలే కాలేదు. పాండాస్ దానంతటది నిలబడదు, నంపై అనే మరో లైబ్రరీ మీద ఆధారపడుతుంది. ఆ నంపై 2.0 సరిగ్గా నెల ముందు, 2024 జూన్ 16 న విడుదలైంది. పాత పాండాస్ 'నంపై ఫలానా అంకెకు తక్కువ కాకుండా ఉండాలి' అంటుందే గాని 'ఫలానా అంకె దాటకూడదు' అనదు. అందుకని పిప్ కొత్త నంపైని తెచ్చి పాత పాండాస్ పక్కన పెట్టింది. 1.5.3 తయారైనది నంపై 1 కి సరిపడేలా కాబట్టి రెండింటికీ పొసగలేదు. నంపైని కూడా 2 కంటే తక్కువలో ఉంచమన్నాక ప్రోగ్రాము కదిలింది. సమస్య తీరిందని సంతోషించి జూన్ లెక్కలు తీసి అందరికీ కాగితాలిచ్చేశాను.

నాలుగో రోజున మా వీధిలోని బాబాయి ఒకాయన ఆ కాగితం పట్టుకుని కాటా దగ్గరికి వెళ్ళి, నలుగురిలో గుమాస్తాను నిలదీశాడు. ఆయన జూన్ 5 న వేసిన గెలలు 2,400 కిలోలు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇక్కడ గుండు ధరలు వేస్తున్నాను: మే నెలలో టన్ను 14,000 రూపాయలు, జూన్‌లో 13,000 అనుకోండి. రావలసింది 31,200. ఆయన ఖాతాలో పడిందీ అంతే. నా కాగితంలో మాత్రం 33,600 అని ఉంది. "రెండువేల నాలుగొందలు మింగేశారు" అని ఆయన గట్టిగా అరిచాడట. గుమాస్తా తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం నాన్న తన చేతిపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి కోతకూ తారీకు, తూకం, ధర, మొత్తం పెన్నుతో రాసి ఉన్నాయి. "కంప్యూటరు చెప్పింది సరేరా, ఐదో తారీకు ఏ నెల్లో ఉందో అది నిన్ను అడగలేదా?" అన్నారు.

అది నెల ముందే అడిగింది. నేనే వినిపించుకోలేదు.

అసలు జరిగిందేమిటి?

మనం 05/06/2024 అని రాస్తే జూన్ 5. అమెరికా వాళ్ళ అలవాటులో నెల ముందు వస్తుంది కాబట్టి అదే అంకె వాళ్ళకు మే 6. పాండాస్‌కు ఏమీ చెప్పకపోతే నెల ముందున్నట్టే చదువుతుంది. మరి 25/06/2024 వస్తే? ఇరవై ఐదో నెల ఉండదు గనుక పాత పాండాస్ ఆ ఒక్కదాన్ని మాత్రం తిప్పి జూన్ 25 అని చదివేసేది. అంటే ఒకే పట్టికలో కొన్ని తారీకులు ఒక పద్ధతిలో, మిగతావి మరో పద్ధతిలో. ఒక హెచ్చరిక మాత్రం వచ్చేది. తెరమీద గబగబా దొర్లిపోయే ఆ వరసల్ని నేనెప్పుడూ చదవలేదు.

2023 ఏప్రిల్‌లో వచ్చిన పాండాస్ 2.0 లో ఈ పద్ధతి మార్చారు. పట్టికలోని మొదటి తారీకును చూసి పద్ధతి ఊహించి, మిగతావన్నీ అదే పద్ధతిలో ఉండాలంటుంది. లేకపోతే ఆగిపోతుంది. నా పట్టికలో మొదటిది 04/01/2024. దాన్ని ఏప్రిల్ 1 గా చదివి, 18/01 దగ్గరికి రాగానే పద్దెనిమిదో నెల ఏమిటని ఆగింది. ఆ ఆగడం నిజాయితీ. నేను దాన్ని లోపమనుకుని, తప్పును మూసిపెట్టే పాత కూర్పును వెతికి మరీ తెచ్చుకున్నాను.

ఏడాదిపాటు ఎవరికీ ఎందుకు తెలియలేదు? పన్నెండో తారీకు దాటిన కోతలన్నీ సరిగానే పడ్డాయి. జూన్ 8 లాంటి తారీకు ఆగస్టు 6 అయ్యేది. ఆగస్టు ధర ఇంకా రాలేదు గనుక, 'ధర లేకపోతే ఆఖరున ఉన్న ధర వెయ్యి' అని నేను రాసిన మరో వరస జూన్ ధరే వేసేది. ఒక తప్పు ఇంకో తప్పును కప్పింది. మళ్ళీ ఏడాది చివర అదే జూన్ లెక్క తీస్తే ఈసారి నిజంగా ఆగస్టు ధర పడి మొత్తం మారేది. ఒకే చీటీలకు రెండుసార్లు రెండు మొత్తాలు!

పరీక్ష అంటే ఏమిటి?

ప్రోగ్రాము పరీక్ష అంటే మరో చిన్న ప్రోగ్రాము. అది అసలు ప్రోగ్రాముకు మనకు జవాబు ముందే తెలిసిన లెక్క ఇచ్చి, వచ్చిన జవాబును తెలిసిన జవాబుతో సరిపోల్చి చూస్తుంది. పైతాన్‌లో దీనికి 'అసర్ట్' అనే మాట ఉంది. ఇది నిజం కాకపోతే ఆగిపో అని దాని అర్థం. పైటెస్ట్ అనే సాధనం 'టెస్ట్' అన్న మాటతో పేరు మొదలయ్యే ఫైళ్ళనూ, వాటిలోని ఫంక్షన్లనూ తానే వెతికి, అన్నిటినీ నడిపి, ఏది నెగ్గిందో ఏది తప్పిందో చెబుతుంది.

'జవాబు ముందే తెలిసిన' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆ జవాబు ఎక్కడిది? మన ప్రోగ్రాము ఇచ్చిన జవాబునే తెచ్చి పరీక్షలో పెడితే దొంగను సాక్షిగా పిలిచినట్టవుతుంది. జవాబు బయటినుంచి రావాలి. నాకు ఆ బయటి సాక్షి నాన్న చేతిపుస్తకం. రెండు నెలల పేజీలను యథాతథంగా పరీక్షలోకి ఎక్కించాను. ఆ పుస్తకంతో ఒక్క పైసా తేడా వచ్చినా పరీక్ష తప్పుతుంది.

ఇక ఏయే లెక్కలు పరీక్షించాలి? అన్నీ పరీక్షించడం సాధ్యం కాదు. గట్టు ఎక్కడ తెగుతుందో రైతుకు తెలిసినట్టే, లెక్క ఎక్కడ తెగుతుందో మనం కనిపెట్టాలి. సాధారణంగా అంచుల్లో తెగుతుంది. నా జాబితా ఇది:

ఒకటి, తారీకులు. 05/06, 25/06, నెల మొదటి రోజు, చివరి రోజు, లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29. 12 లోపు రోజు ఒకటి, దాటిన రోజు ఒకటి తప్పకుండా ఉండాలి. ఈ ఒక్క పరీక్ష 2023 లోనే రాసి ఉంటే బాబాయికి ఆ అవమానం తప్పేది.

రెండు, లేని సమాచారం. ఆ నెల ధర ఎక్కించకపోతే ప్రోగ్రాము ఏం చెయ్యాలి? ఆగిపోయి చెప్పాలి, సొంతంగా ఊహించకూడదు. 'ఇక్కడ తప్పు చూపించి ఆగాలి' అని కూడా పైటెస్ట్‌లో పరీక్ష రాయొచ్చు.

మూడు, డబ్బు. కంప్యూటరు దశాంశాలను రెండు ఆధారంగా గల సంఖ్యామానంలో దాచుకుంటుంది. అందుకే పైతాన్‌లో 0.1 కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. 2.5 ను గుండు చెయ్యమంటే 3 కాదు, 2 అంటుంది. సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు వెళ్ళడం దాని నియమం. కాబట్టి డబ్బును పైసల్లో పూర్ణసంఖ్యగా గాని, 'డెసిమల్' అనే రకంలో గాని ఉంచుకోవాలి.

నాలుగు, తెలుగు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మన అక్షరానికి మనమే పరీక్ష పెట్టాలి

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. 'జ్ఞా' రూపంలోని ఒక కూర్పు సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ అప్లికేషన్ కుప్పకూలిపోయేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19 న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపం సరిదిద్దింది. యూనికోడ్‌లో ఆ కూర్పు ఐదు సంకేతాలు: జ, పొల్లు, ఞ, తరువాత కంటికి కనబడని విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. తయారుచేసిన చోట అలాంటి కూర్పును ఎవరూ పరీక్షించి ఉండరు. కోట్లమంది చదివే భాషే అయినా, పరీక్షల పట్టికలో లేకపోతే యంత్రం దృష్టిలో లేనట్టే.

ఆ కనబడని గుర్తు నా ప్రోగ్రాములోనూ బయటపడింది. 'ప్రసాద్' అన్న పేరును ఒకసారి మామూలుగా, ఇంకోసారి చివర ఆ గుర్తుతో టైపు చేస్తే కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు మనుషులు, ఇద్దరికీ వేర్వేరు మొత్తాలు. ఇప్పుడు పేరు తీసుకోగానే చివరనున్న అలాంటి గుర్తుల్ని, ఖాళీల్ని తీసేసి సరిపోలుస్తున్నాను. దానికో పరీక్ష ఉంది. అలాగే 'క్ష' పొడవెంత అని పైతాన్‌ను అడిగితే మూడంటుంది, ఎందుకంటే క, పొల్లు, ష విడివిడిగా లెక్కపెడుతుంది. తెలుగుతో పనిచేసే ప్రోగ్రాము రాసేవాళ్ళు ఈ సంగతి మరవకూడదు.

పరీక్ష రాసే క్రమంలో ఒక మంచి అలవాటు ఉంది. తప్పు బయటపడగానే సరిదిద్దడానికి పరుగెత్తకూడదు. ముందు ఆ తప్పును పట్టుకునే పరీక్ష రాసి, అది నిజంగా తప్పుతోందని కళ్ళారా చూడాలి. ఆ తరువాతే ప్రోగ్రాము సరిదిద్ది, పరీక్ష నెగ్గడం చూడాలి. ఎన్నడూ తప్పని పరీక్ష తాళం పడని గొళ్ళెం లాంటిది. ప్రోగ్రాములోని వరసలన్నీ నడిచాయి గదా అన్న ధీమా కూడా పనికిరాదు. నా తారీకు వరస ప్రతిసారీ నడిచింది, తప్పుగా నడిచింది.

లైబ్రరీలకు పద్దు

ఇక రెండో పాఠం. విత్తనాల సంచి మీద రకం పేరు, లాట్ నంబరు, గడువు తారీకు ఉంటాయి. పంట తేడా వస్తే ఆ సంచి చూపించే అడుగుతాం. ప్రోగ్రాము వాడే లైబ్రరీలకూ అలాంటి పద్దు ఉండాలి. ఆ రోజు నా దగ్గర ఉన్నది 'పాండాస్ వాడాను' అన్న జ్ఞాపకం మాత్రమే.

మొదటి మెట్టు, ప్రతి ప్రోగ్రాముకూ విడి గది. పైతాన్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి, 'వెన్వ్' అనే సదుపాయం భాషతోనే వస్తోంది. ఒక ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలు ఆ గదిలోనే ఉంటాయి, పక్క ప్రోగ్రామువాటితో కలవవు. రెండు రకాల నారు ఒకే మడిలో పొయ్యం గదా!

రెండో మెట్టు, పద్దు రాయడం. ఇందులో రెండు జాబితాలుంటాయి. ఒకటి, మనం నేరుగా అడిగినవి: 'పాండాస్, 2.2 లేదా ఆపైన, 3 కు లోపు' అన్నట్టు. రెండోది, నిజంగా గదిలోకి వచ్చిన ప్రతిదీ, అంటే పాండాస్ వెంట వచ్చిన నంపై, దాని వెంట వచ్చినవి, అన్నీ కచ్చితమైన అంకెలతో. పిప్‌కు 'ఫ్రీజ్' అని చెబితే ఈ రెండో జాబితా ఇస్తుంది. దాన్ని 'రిక్వైర్‌మెంట్స్' అనే ఫైలులో దాచి ప్రోగ్రాముతోపాటు ఉంచాలి. నేను పాండాస్‌ను మాత్రమే 1.5.3 దగ్గర కట్టేశాను. దాని వెనకున్న నంపైని కట్టెయ్యలేదు. ఎద్దును కట్టేసి బండిని పల్లంలో వదిలినట్టయింది.

అంకెల్లోనూ అర్థం ఉంది. సాధారణంగా మూడు అంకెలుంటాయి. చివరిది మారితే చిన్న సవరణలు, మధ్యది మారితే కొత్త సదుపాయాలు, మొదటిది మారితే పాత ప్రోగ్రాములు ఆగిపోయేంత మార్పులు ఉండవచ్చు. ఇది మర్యాదే గాని శాసనం కాదు. అయినా 1 నుంచి 2 కు మారినప్పుడు మార్పుల జాబితా చదివి తీరాలి. పాండాస్ 2.0 జాబితాలో తారీకుల సంగతి స్పష్టంగా రాసే ఉంది. నేను చదవలేదు, అంతే.

మరి అన్నిటినీ కట్టేసి జీవితాంతం అలాగే ఉంచితే సరిపోదా? అదీ కుదరదు. పాత కూర్పుల్లో భద్రతా లోపాలు బయటపడుతుంటాయి, సవరణలు కొత్తవాటికే వస్తాయి. పైతాన్ 2 కు 2020 జనవరి 1 తో ఆదరణ ముగిసింది. అప్పటిదాకా మారని సంస్థలు ఒక్కసారిగా మారవలసి వచ్చింది. అలాగని వచ్చినదల్లా ఆ రోజే వేసుకోవడమూ ప్రమాదమే. 2024 మార్చిలో 'ఎక్స్‌జెడ్' అనే లైబ్రరీ కొత్త కూర్పుల్లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. దూరపు కంప్యూటరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీరుకు అనుమానం వచ్చి వెతకబట్టి అది దొరికింది.

అందుకని మధ్యేమార్గం: కట్టెయ్యాలి, కాలానుగుణంగా విప్పి చూడాలి. నెలకొకసారి వేరే గదిలో కొత్త కూర్పులు వేసి పరీక్షలన్నీ నడపాలి. నెగ్గితే పద్దు మార్చాలి, తప్పితే ఎందుకో చదవాలి. పరీక్షలు లేకుండా లైబ్రరీ మార్చడం చీకట్లో కాలువ దాటడం. పద్దు లేకుండా పరీక్షలు నడిపితే, ఏ లైబ్రరీతో నెగ్గాయో తెలియదు. రెండూ కలిస్తేనే ఉపయోగం.

వాడిన భాగమే అయినా కొత్త చోట మళ్ళీ పరీక్షించాలని పెద్దవాళ్ళకూ ఖరీదుగానే తెలిసింది. 1996 జూన్ 4 న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయోగంలో సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. ఏరియాన్ 4 లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము భాగాన్నే అందులో వాడారు. కొత్త రాకెట్టు వేగానికి వచ్చిన ఒక పెద్ద సంఖ్య దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టలేదు.

అసలు అవసరమా?

అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న నాకు ఆఖరున తట్టింది. నాకు పాండాస్ నిజంగా కావాలా? 2016 మార్చిలో జావాస్క్రిప్టు ప్రపంచంలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనే 11 వరసల లైబ్రరీని దాని కర్త ఉపసంహరించుకుంటే, దానిమీద ఆధారపడిన వేల ప్రాజెక్టులు ఆగిపోయాయి. ఎవరికి వారు పది నిమిషాల్లో రాసుకోగలిగినది అది!

నా ప్రోగ్రాము చేసేది పట్టిక చదవడం, తారీకు విడదీయడం, గుణించడం. ఈ మూడూ పైతాన్‌తో వచ్చే సొంత సామగ్రితోనే అవుతాయి. తారీకును 'రోజు, నెల, సంవత్సరం' క్రమంలోనే చదవమని స్పష్టంగా చెప్పాను. ఇలా చెప్పి ఉంటే పాండాస్ పాతదైనా కొత్తదైనా సరిగానే చదివేది. తప్పు లైబ్రరీది కాదు, చెప్పవలసింది చెప్పని నాది. ఇప్పుడు ప్రోగ్రాము నడవడానికి బయటి లైబ్రరీ ఒక్కటీ అక్కర్లేదు. పరీక్షలకు పైటెస్ట్ ఒక్కటి చాలు, దాని పద్దు రాసి ఉంది. పెద్ద గణాంకాలు, గ్రాఫులు అవసరమైనవాళ్ళకు పాండాస్ అమూల్యమైనదే. నా తూకం చీటీలకు మాత్రం అవసరం లేదు.

సరిదిద్దిన లెక్కలు తీశాక బాబాయిని వెంటబెట్టుకుని కాటా దగ్గరికి వెళ్ళాను. గుమాస్తాగారికి కాగితం చూపించి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఈసారి చూసుకుని చెప్పండి బాబూ" అన్నారు. బాబాయి తిరిగొచ్చేటప్పుడు దారంతా మౌనంగానే ఉన్నాడు. తరువాతి కోతకు చీటీ తెచ్చిస్తాడో లేదో అనుకున్నాను. తెచ్చిచ్చాడు. దాంతోపాటు తను చేత్తో వేసుకున్న లెక్క కూడా రాసి ఇచ్చాడు. అదిప్పుడు నా పరీక్షల్లో ఒకటి.

మిత్రులారా! మనలో చాలామందిమి ఈ ఏడాది ప్రాజెక్టులు సమర్పిస్తాం. ప్రోగ్రాముతోపాటు మూడు వస్తువులు జత చెయ్యండి: జవాబు బయటినుంచి తెచ్చుకున్న పరీక్షలు పది, వాడిన లైబ్రరీల పద్దు అంకెలతో సహా, కొత్త కంప్యూటరులో మొదటినుంచీ ఎలా నడపాలో చెప్పే అర పేజీ. ఆ అర పేజీని మీ స్నేహితుడి చేతికిచ్చి, మీరు పక్కన లేకుండా నడపమనండి. వాడు నడపగలిగితే మీ పని పూర్తయినట్టు. ఎక్కడైనా ఆగిపోతే, ఆ ఆగిన చోటును కోప్పడకుండా చదవండి.